సీసం కరగనియ్యని డ్రైవర్ సాబ్

మొన్న మా ఇంట్లో గీజర్ చచ్చింది. మెకానిక్ వచ్చి స్టూలెక్కి, దాని కడుపులోంచి వంకీలు తిరిగిన కడ్డీ ఒకటి బయటికి లాగి వాష్‌బేసిన్ అంచున పెట్టాడు. కడ్డీ ఒళ్లంతా తెల్లగా, గరుగ్గా సున్నం పొక్కు. అక్కడక్కడ పెచ్చులూడి, కింద నల్లగా మాడిన లోహం కనబడుతోంది. చూడగానే నాకు ఒక మనిషి పళ్లు గుర్తొచ్చాయి.

“ఇది ఇట్లెట్ల కాలింది సార్?” అని అడిగాడు మెకానిక్.

“ఉప్పునీళ్లు నాయనా! ఈ తార్నాక బోరు నీళ్లల్ల ఏనుగును కట్టేసినా ఆర్నెల్లకు రాయి అయితది,” అన్నాను.

అతను నన్నొకసారి, కడ్డీనొకసారి చూశాడు. ఆ చూపు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ పళ్ల సంగతి.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు కదా అని, ఒక పూటంతా కూర్చుని ఆయనలోని మంచిని ఏరాను. రాగి బాగా తోమేవాడు. అంతే తేలింది. ఇక మిగతాది రాస్తాను.

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో ఒక హాస్టల్ ఆఫీసు గుమాస్తాను. పెళ్లయిన కొత్తలో తార్నాకలో ఆయన ఇంటి వెనక భాగంలో రెండు గదులు అద్దెకు దొరికాయి. ఆయన రైల్వేలో బొగ్గింజన్లు నడిపి రిటైరైన మనిషి. వీధంతా డ్రైవర్ సాబ్ అనేది. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. పలకని పేరు ఇప్పుడు రాయడం మాత్రం దేనికి?

ఇల్లు చూసుకోవడానికి వెళ్లినరోజు ఆయన నాకు గదులు చూపించలేదు. నేరుగా పెరట్లోకి తీసుకుపోయి, స్నానాల గది పక్కన రేకుల చూరు కింద నిలబెట్టిన రాగి బాయిలర్ చూపించాడు. తాటిచెట్టంత ఎత్తు. పొద్దున్నే సూర్యుడు అందులో మొహం చూసుకుని తల దువ్వుకుని గానీ మౌలాలి గుట్ట దాటేవాడు కాదు.

తాటిచెట్టంత అన్నది అబద్ధం. నా ఛాతీ దాకా వచ్చేది, నేను పొట్టివాణ్ని. కానీ ఆయన దాని గురించి మాట్లాడుతుంటే అది మన కళ్లముందే పెరిగేది. నేను చూసిన ఎత్తు అదే.

ఆ కాలంలో చాలా ఇళ్లలో వేణ్నీళ్లంటే అదే. పైన చన్నీళ్లు పోయడానికి గరాటు మూతి, కింద వేణ్నీళ్లు పట్టుకోవడానికి ఇత్తడి నల్లా, నడుమ నిలువునా ఒక గొట్టం. ఆ గొట్టం అడుగున జాలీ మీద బొగ్గులు రాజేస్తే పొగ పైకి పోతుంది, వేడి చుట్టూ ఉన్న నీళ్లకు పోతుంది. దానికొక ధర్మం ఉంది. బకెట్ వేణ్నీళ్లు పట్టుకునేవాడు ముందు బకెట్ చన్నీళ్లు పైన పొయ్యాలి. తాను పోసేది తన కోసం కాదు, తన తర్వాత వచ్చేవాడి కోసం. ఏ ఇంట్లోనైనా ఇది మామూలు మర్యాద. డ్రైవర్ సాబ్ దాన్ని రైల్వే రూలు చేశాడు.

“పానీ పహ్లే, ఆగ్ బాద్ మే,” అన్నాడు బాయిలర్ మెడ నిమురుతూ. “ముందుగాల నీళ్లు, తర్వాతనే నిప్పు. గిది నా మాట కాదు, ఇంజన్ మాట. తప్పినోడు నా ఇంట్ల ఉండడు. ఏమంటవ్ గుమాస్తా?”

“గదులు ఒక్కసారి చూస్తే...”

“గదులేముంటయ్ చూడనీకి? నాలుగు గోడలు. బాయిలర్ చూసినవ్ గద!”

ఆ తర్వాత నన్ను నిలబెట్టి సీసం కథ చెప్పాడు. రైలింజను బాయిలర్‌లో మంటగది నెత్తిన సీసంతో పూడ్చిన బిరడా ఒకటి ఉంటుందట. నీళ్లు మరీ తగ్గిపోతే అన్నిటికంటే ముందు ఆ సీసం కరుగుతుంది. పైనున్న ఆవిరీ నీళ్లూ మంట మీద పడి దాన్ని చంపేస్తాయి. ఇంజను పేలకుండా దక్కుతుంది, డ్రైవరు పరువు మాత్రం దక్కదు. షెడ్డులో బొగ్గు మోసేవాడు కూడా వాణ్ని చూసి నవ్వుతాడు.

“నా సర్వీసు మొత్తంల సీసం కరగనియ్యలే,” అన్నాడు.

ఆ మాట పాలవాడితో అనేవాడు, పోస్ట్‌మన్‌తో అనేవాడు, పెళ్లి పిలుపుకు కుంకుమ భరిణె పట్టుకుని వచ్చిన ఆడవాళ్లతోనూ అనేవాడు. వాళ్లు ఆయన మొహాన బొట్టు పెట్టాలో, దండం పెట్టాలో తెలియక పోయేవాళ్లు.

నేను చాలాకాలం, ఆయన డ్రైవరే కాదనీ, బొగ్గు ఎత్తిపోసే ఫైర్‌మన్‌గానే రిటైరయ్యాడనీ అందరికీ చెప్పి తిరిగాను. విన్నవాళ్లు సంతోషించారు. అది నా సొంత కల్పన. ఆయన నిజంగానే డ్రైవరు. మంచి డ్రైవరేనట కూడా. అది తెలిసినరోజు నాకు అన్నం సహించలేదు.

తెల్లవారుతూనే ఖాకీ కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని పెరట్లోకి వచ్చేవాడు. స్నానాల గది దగ్గర నిలబడటానికి టోపీ! బాయిలర్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మెటికతో దాని పక్క మీద టక్ టక్ మని తట్టేవాడు. నిండుగా ఉంటే మొద్దుగా పలుకుతుంది, ఖాళీ ఉంటే గంటలా పలుకుతుంది, వింటే తెలుస్తుంది అని మాకు పాఠం. కానీ తడుతున్నంతసేపూ ఆయన నోరు ఆగేది కాదు. తట్టడమే తప్ప వినడం నేనెప్పుడూ చూడలేదు. మనుషులతోనూ అంతే.

ముందు గదిలో యూనివర్సిటీ విద్యార్థులు ఇద్దరుండేవారు. ఒకనాడు వాళ్లలో ఒకడు చన్నీళ్లు పొయ్యకుండా వేణ్నీళ్లు పట్టుకున్నాడు. స్నానం సగంలో, మొహమంతా సబ్బు నురగతో, ఇంకో బకెట్ కోసం తలుపు సందులోంచి చెయ్యి చాపాడు. డ్రైవర్ సాబ్ నల్లా మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“సిగ్నల్ పడలే.”

“డ్రైవర్ సాబ్, కండ్లు మండుతున్నయ్!”

“మండనియ్. ఔటర్ సిగ్నల్ కాడ నిలవడ్డ బండికి ఏం జెప్తరు? సబర్, ఓపిక.”

ఆ పిల్లవాడు కళ్లు మూసుకుని తడుముకుంటూ వచ్చి, తువ్వాల ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బకెట్ చన్నీళ్లు ఎత్తిపోసిన తర్వాతే సిగ్నల్ పడింది. డ్రైవర్ సాబ్ నవ్వాడు. ఆ నవ్వులోనే నేను మొదటిసారి ఆ పళ్లు పూర్తిగా చూశాను. పాన్ మీద సున్నం దండిగా పూసుకునే మనిషి. పైన తెలుపు, కింద నలుపు.

బాయిలర్‌కు ఏ జబ్బు చేసినా ఆయన నాడి చూసి చెప్పేది ఒకటే: అద్దెకున్నవాడి తప్పు. పొగ వెనక్కి తన్నితే గొట్టంలో మసి పేరుకుందని కాదు, మా ఆవిడ నీళ్లు గుభాలున పోసి “దమ్ చెడగొట్టింది” అని. నల్లా కారితే లోపలి వాషరు అరిగిందని కాదు, నేను దాన్ని గానుగ తిప్పినట్టు తిప్పుతానని. నీళ్లు ఎంతకీ కాగకపోతే జాలీ కింద బూడిద నిండి గాలి ఆడటం లేదని కాదు, మా ఇద్దరికీ పొద్దున్నే లేచే అలవాటు లేదని. పోనీ బూడిదైనా లాగుదామని చెయ్యి పెడితే మణికట్టు పట్టుకునేవాడు.

“క్లీనర్ ముట్టాలె, ప్యాసింజర్ ముట్టొద్దు.”

మేం ప్యాసింజర్లం. క్లీనరు ఎవరంటే ఆయన భార్య. పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె మాట్లాడగా చాలాకాలం నేను వినలేదు, మూగదేమో అనుకున్నాను. ఆయన ఆదివారాలు చింతపండూ ఇటుకపొడీ పెట్టి రాగిని మెరిసేట్టు తోమేవాడు, వీధిలోంచి కనబడే వైపు. వెనకవైపు ఆమె తోమేది.

ఇంతవరకూ ఇది నవ్వుకునే వ్యవహారమే. మా ఆవిడ నెల తప్పాక నవ్వు పోయింది.

తొలి కాన్పు పుట్టింట్లో కావాలి. కానీ కాళ్లకు నీరు పట్టిందనీ, ప్రయాణం వద్దనీ డాక్టరమ్మ అనడంతో పుట్టిల్లే కదిలి వచ్చింది. జనగామ దగ్గరి పల్లె నుంచి మా అత్తమ్మ ఒక గోనెసంచిలో వాము, పసుపు, నల్లనువ్వుల నూనె వేసుకుని దిగింది. డిసెంబర్ చలిలో, నెల తక్కువగా, ఆడపిల్ల పుట్టింది. నా రెండు అరచేతుల్లో పట్టేది. దవాఖాన నుంచి పంపుతూ నర్సమ్మ, “చలి తగలనియ్యకుండ్రి. దీనికి చలి తగిలితే నిలవది,” అంది. అంతకంటే మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాలేదు.

పొద్దున్నే తల్లికీ పిల్లకూ నూనె మర్దన చేసి కాగే నీళ్లు పొయ్యాలి, సాంబ్రాణి పొగ వెయ్యాలి. బాలింత స్నానమంటే చెంబెడు నీళ్ల పని కాదు, గంగాళాల పని. మాకున్నది వత్తుల స్టవ్వు. దాని మీద ఒక గిన్నెడు నీళ్లు కాగేలోపు ముందు కాగిన గిన్నెడు చల్లారేది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి కట్టెలు రాజేద్దామంటే ఆయన ఒప్పుకోడు, గోడకు మసి అంటుతుంది. ఆ పెరటిగోడకు ఏటా తన చేత్తో సున్నం వేసుకునేవాడు. కాబట్టి ఆ పిల్ల ప్రాణం ఆ ఇత్తడి నల్లాకు వేలాడింది. ఈ ఒక్క మాటలో నేను పెంచింది లేదు.

మేం రిక్షా దిగేసరికి పెరట్లో సున్నంతో అడ్డంగా గీత గీసి ఉంది.

“పురుడు ఎల్లేదాంక మీరు గీత దాటొద్దు,” అన్నాడు డ్రైవర్ సాబ్. “బాయిలర్ ముట్టొద్దు. మైల.”

“మరి నీళ్లెట్ల సాబూ?” అంది అత్తమ్మ.

“గంగాళం గీత మీద పెట్టి జరగుండ్రి. గీడికెల్లి పోస్తం.”

“పట్టుకున్నన్ని చన్నీళ్లు మీద పొయ్యాలెనంటివట. మేము ముట్టకుంటె అవెవలు పొయ్యాలె?”

“గది నీకెందుకు? ఇంజన్ నాది. నీళ్లు నేను చూసుకుంట.”

ఆ మాట ఆయన టోపీ సర్దుకుంటూ అన్నాడు. చూసుకున్నదెవరో మాకు రోజూ కనబడేది. పొద్దున పెద్దమ్మ బకెట్‌తో వేణ్నీళ్లు తెచ్చి, గీత అవతల నుంచి మా గంగాళంలోకి వంచేది. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు బావిలోంచి చేదుకుని ఒక్కో బకెట్ బాయిలర్ నెత్తిన పోసేది. ఆయన సాయంత్రం లేచి మెటికతో తట్టి, “నిండుగున్నది,” అని తనను తాను మెచ్చుకునేవాడు.

ఆ బాయిలర్ కాగేటప్పుడు లోపల రాళ్లు దొర్లుతున్నట్టు గుడగుడమనేది. అత్తమ్మ ఒకరోజు గీత ఇవతల గొంతుక్కూర్చుని చాలాసేపు విన్నది.

“సాబూ, దీని కడుపుల సున్నం పేరుకున్నది. చింతపండు నీళ్లు పోసి రాత్రంత ఉంచి కడుగు. జప్పన కాగుతయ్.”

“నీకేమెరుక? గది ఇంజన్ మాట్లాడుతున్నది.”

“మాట్లాడుతలేదు, మూలుగుతున్నది.”

ముందు గది విద్యార్థులు పకపకా నవ్వారు. డ్రైవర్ సాబ్ నవ్వలేదు. మర్నాడు పొద్దున బాయిలర్ రాజలేదు. అడిగితే, “ఇంజన్‌కు ఇయ్యాల షెడ్డు,” అన్నాడు, పాన్ మడుచుకుంటూ. లోపల పిల్ల ఏడుస్తోంది. ఆయనకు వినబడుతోంది. నిదానంగా వక్క వేసుకున్నాడు.

నేను సైకిలెక్కి క్యాంపస్‌కు పరుగెత్తాను. హాస్టల్ మెస్సు వంటాయన్ను బతిమాలి, అన్నం వార్చే డేగిశాలో నీళ్లు కాగబెట్టించి, రెండు పాల క్యాన్లలో పోయించుకుని, గొంగడి చుట్టి, క్యారియర్‌కు చెరోవైపు వేలాడదీసుకుని బయల్దేరాను. క్యాన్ల మూతుల్లోంచి ఆవిరి బుసలు కొడుతోంది. క్లాసులకు వెళ్లే విద్యార్థులు రైలొచ్చిందని పక్కకు తప్పుకున్నారు. తార్నాక దాకా ఎక్కడా బ్రేకు వెయ్యలేదు.

ఈ కథ పెళ్లిళ్లలో చాలాసార్లు చెప్పాను. నిజానికి ఆవిరి హాస్టల్ గేటు దాకానే వచ్చింది. దారిలో రెండుసార్లు దిగి క్యాన్లు సర్దుకున్నాను, ఒకటి సగం ఒలికింది. ఇంటికొచ్చాక అత్తమ్మ వేలు ముంచి చూసి, కొంగుకు తుడుచుకుంది. ఆ గోరువెచ్చని నీళ్లు తల్లికి పోశారు. గీత ఇవతల దుప్పటి చాటున మా ఆవిడ పళ్లు కటకటలాడటం నాకు వరండాలోకి వినబడింది. పిల్లకు నీళ్లు పొయ్యలేదు, గుడ్డతో తుడిచారు. సాయంత్రానికి దాని పాదాలు నీలం తిరిగాయి. అత్తమ్మ రవికె లోపల దాన్ని గుండెకు హత్తుకుని కూర్చుంది.

నేను వెళ్లి గీత దగ్గర నిలబడి, ముసలామె మాట పట్టించుకోవద్దని చేతులు జోడించాను. ఆయన నాచేత బాయిలర్‌కు దండం పెట్టించాడు. అంటే, పెట్టమని అనలేదు. సరిగ్గా దాని ముందు నిలబడ్డాడు. నా దండం ఎవరికి చెందిందో వాళ్లిద్దరూ పంచుకున్నారు.

“సరే, రేపు సిగ్నల్ ఇస్త,” అన్నాడు.

అప్పటినుంచి రోజూ నీళ్లొచ్చాయి. పిల్ల కాస్త తేరుకుంది. ఈలోగా ముందు గది విద్యార్థులు సెలవులకు ఊళ్లకు వెళ్లారు. ఒకరోజు మా స్నానాలు కాగానే బౌద్ధనగర్ నుంచి కబురొచ్చింది, పెద్దమ్మ చెల్లెలికి ఒంట్లో బాగాలేదని. పెద్దమ్మ చీర మార్చుకుని వచ్చి, బాయిలర్ తోముతున్న భర్త దగ్గర నిలబడి ఏదో చెప్పింది. బాయిలర్ వైపూ, బావి వైపూ చెయ్యి చూపించింది. ఆయన తోముతూనే తలూపాడు. ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పొగమంచు. డ్రైవర్ సాబ్ కోటు, టోపీతో వచ్చి తన చేతులతో బొగ్గులు రాజేశాడు. ఇవతల మా వైపు అత్తమ్మ కాళ్లు చాపుకుని పీట మీద కూర్చుని, పిల్లను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. మా ఆవిడ తలకూ ఒంటికీ నూనె పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, స్టూలు మీద వణుకుతోంది. నూనె పెట్టాక నీళ్లు పడేదాకా లేవకూడదు. గంగాళం గీత మీద పెట్టి నేను నిలబడ్డాను.

డ్రైవర్ సాబ్ మెటికతో తట్టాడు. టంగ్ మంది. అప్పటికే ఆయన మాట్లాడుతున్నాడు.

“ఒకడుండె మాతోని. పెద్ద మాటకారి. డ్యూటీ ఎక్కితే నోరు బందు చేసెటోడు కాదు...”

“సాబూ,” అంది అత్తమ్మ, “గుడగుడ ఇనపడుతలేదేంది?”

“ఇయ్యాల ఇంజన్ కామోష్ ఉన్నది. నిన్న మంచిగ తోమిన గద.”

“అండ్ల నీళ్లున్నయా?”

“మైలోళ్లు ఇంజన్‌తోని మాట్లాడొద్దు.” మళ్లీ నావైపు తిరిగాడు. “ఆ మాటకారి ఏం జేసిండు? ముచ్చట్లు చెప్పుకుంట, బాయిలర్ల నీళ్లెన్నున్నయో చూపెట్టే గ్లాసు చూడలే. దబదబ బొగ్గు ఏపిచ్చిండు. ఏమైంది?”

పెనం మాడిన వాసన వచ్చింది.

“ఏదో మాడుతున్నది సాబూ!”

“సీసం కరిగింది! ఎందుకు కరిగింది, చెప్పు గుమాస్తా.”

“నీళ్లు లేక,” అన్నాను.

“నీళ్లు లేక కాదు. నదర్ లేక, కన్నేసి చూడక!” అని వేలు పైకెత్తాడు.

ఆయన వేలు గాల్లో ఉండగానే, వెనక బాయిలర్ నల్లా మొదట్లోంచి వెండిలా మెరిసే చుక్క ఒకటి జారి రాయి మీద టప్ మని పడింది. ఇంకొకటి. టంకం కరుగుతోంది. ఇత్తడి నల్లా కునికిపాట్లు పడేవాడిలా మెల్లగా తలవంచి, ఊడి కింద పడింది. నల్లా ఊడిన కంతలోంచి నీళ్లు దూకాలి కదా? చుక్క రాలేదు. సన్నగా పొగ వచ్చింది.

నేను ఆయన మొహం చూశాను. ఆ క్షణం కోసం ఇంకో రెండు నెలల అద్దె ముందే కట్టమన్నా కట్టేవాణ్ని.

ఆయన బావి దగ్గరికి పరుగెత్తి బకెట్ ఎత్తాడు.

“పొయ్యకు!” అరిచింది అత్తమ్మ. “కాలిన దాని మీద సల్ల నీళ్లు పొయ్యకు సాబూ, పలుగుతది!”

పోశాడు. జీవితమంతా ఆవిరితో బతికిన మనిషి, కాలి ఎర్రబడ్డ ఖాళీ రాగిలో చన్నీళ్లు గుమ్మరించాడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు ఆగిపోయేంత పేలుడు వినబడింది. లేదు, అంత లేదు. కుక్కర్ విజిల్‌కు కొంచెం ఎక్కువ. కానీ అతుకు పైనుంచి కిందిదాకా నోరు తెరిచింది, పోసిన నీళ్లన్నీ ఆవిరి చిమ్ముకుంటూ ఆయన బూట్ల మీదికే వచ్చాయి. టోపీ ఎగిరి పడింది. ఈ టోపీ సంగతి నిజం.

చప్పుడుకు పిల్ల ఒక్కసారి కెవ్వుమని, ఊపిరి బిగబట్టింది. నూనె ఒంటి మీద మంచు. పెదాలు నల్లబడుతున్నాయి. అత్తమ్మ దాన్ని దుప్పటి లోపలికి తల్లి ఒళ్లోకి తోసి లేచింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి గీత దాటింది. నడిమి గొట్టంలో నిప్పులు ఇంకా కణకణలాడుతున్నాయి. బూడిద లాగే రేకుతో వాటిని ఎత్తుకొచ్చి, ఆ తెల్లటి గోడ వారగా మూడు ఇటుకల మధ్య పోసి, మీద కట్టెలు పేర్చింది. నావైపు చూసి, “అల్లుడా, బావికాడికెల్లి నీళ్లు!” అంది. నేనూ దాటాను.

“గీత! గీత దాటిండ్రు!” డ్రైవర్ సాబ్ గొంతు కీచుగా వచ్చింది. “మైల! నా గోడ!”

అత్తమ్మ ఊదుడుగొట్టం నోటి నుంచి తీసి తల తిప్పింది.

“పుట్టిన మైల మాకు. నీ ఇంజన్ సచ్చింది, సచ్చిన మైల నీకు. సమానమైంది. జరుగు.”

ఆయన జరిగాడు. మంట ఎగసి, గోడ మీద నల్లటి నాలుక పైకి పాకింది. గంగాళం కాగింది. అత్తమ్మ పిల్లను మళ్లీ కాళ్ల మీద వేసుకుని వీపు మీద మొదటి చెంబు పోసింది. పిల్ల ఒక్క జలదరింపు జలదరించి, మూతి సున్నా చుట్టి, గొంతెత్తి ఏడ్చింది. ఏడుపు విని మా ఆవిడ నవ్వింది. ఆ స్నానం తర్వాత అది సాయంత్రం దాకా నిద్రపోయింది. పాదాలు గులాబీ రంగులో ఉన్నాయి. నేను గంటకోసారి చూసి వచ్చాను.

మధ్యాహ్నం పెద్దమ్మ తిరిగొచ్చింది. నోరు తెరిచిన బాయిలర్‌నూ, గోడనూ, భర్తనూ చూసింది. ఆమె గొంతు నేను స్పష్టంగా విన్నది అప్పుడే.

“చెప్పిపోతి గద, నీళ్లు పొయ్యిమని.”

“వీళ్ల మైల నీడ పడ్డది,” అన్నాడు ఆయన.

ఆమె లోపలికి వెళ్లి చీర మార్చుకుంది.

పురుడు వెళ్లిన మర్నాడే మమ్మల్ని ఖాళీ చేయించాడు. అప్పటిదాకా అత్తమ్మ ఆ గోడ వారనే నీళ్లు కాచింది, ఆయన రోజూ సాయంత్రం మసి మీద సున్నం కొట్టాడు. మాణికేశ్వర్ నగర్‌లో ఒక గదికి మారాం. బాయిలర్ లేదు, పొయ్యి ఎక్కడ పెట్టుకున్నా అడిగేవాడూ లేడు. తర్వాత వీధిలోవాళ్లు చెప్పారు, ఆయన బాయిలర్‌కు అతుకులు వేయించి మళ్లీ నిలబెట్టాడనీ, నీళ్లు నిలవకపోయినా తోముతూనే ఉన్నాడనీ. ఎవరో ఎత్తిపొడిస్తే, “అది సీసం కాదు, టంకం. నా సర్వీసు మొత్తంల సీసం కరగనియ్యలే,” అన్నాడట. నేను కల్పించి పెట్టగల మాటలు చాలా ఉన్నాయి గానీ ఇంత గొప్ప మాట నా వల్ల కాదు.

ఆయన పోయాడని తెలిసినప్పుడు వెళ్లాను. దుఃఖంతో కాదు, నిర్ధారించుకోవడానికి. పెరట్లో రాగి బాయిలర్ వీధివైపు తళతళలాడుతూ నిలబడే ఉంది. శవానికి స్నానం చేయించే నీళ్లు మాత్రం పక్కన, గోడ వారగా, మూడు ఇటుకల మీద కాగుతున్నాయి. గోడ పైదాకా నల్లగా ఉంది. ఒక్కరోజు మసి కాదది, ఏళ్ల మసి. మేం వెళ్లాక ఆ ఇంట్లో నీళ్లు అక్కడే కాగాయన్నమాట. పెద్దమ్మ కట్టె ఎగదోస్తూ నన్ను గుర్తుపట్టి, “బిడ్డ మంచిగున్నదా?” అని అడిగింది. బాగుందన్నాను. “నీళ్లు కాగినయ్,” అని లోపలివాళ్లను పిలిచింది.

ఆయన్ను నేను క్షమించలేదు. వక్క వేసుకుంటూ పిల్ల ఏడుపు విన్న ఆ మొహం నాకింకా కనబడుతుంది. ఆ పిల్లకిప్పుడు అంబర్‌పేట్‌లో సొంత ఇల్లుంది, ప్రతి గదికీ గీజరుంది. అయినా క్షమించలేదు.

ఇక మెకానిక్ చూపు సంగతి. నిన్న కొత్త కడ్డీ తెచ్చి బిగిస్తూ, “సార్, పొక్కుతోని అయితే గిట్ల మాడది. ట్యాంకు ఖాళీ ఉండంగ స్విచ్ ఏసిండ్రా?” అన్నాడు.

వేశాను. ఏడాదికోసారి గీజర్ కడుపు కడగాలని నాకు తెలుసు కాబట్టి, కింది బిరడా విప్పి నీళ్లన్నీ వదిలేసి, మళ్లీ బిగించాను. నల్లా తిప్పి నింపడం ఒక్కటే మరిచిపోయాను. ఎందుకు మరిచానంటే, గీజర్‌ను ఎట్లా కాపాడుకోవాలో ఆ సమయంలో మా ఆవిడకు తలుపు సందులోంచి వివరంగా చెబుతున్నాను. స్విచ్ వేశాక కూడా చాలాసేపు చెప్పాను.

“అబ్బే, లేదు నాయనా,” అన్నాను మెకానిక్‌తో. “కరెంటు ఎక్కువ తక్కువ వచ్చుంటది. లేకుంటే మా పనామె ఏమన్న ముట్టిందేమో.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

“పానీ పహ్లే, డ్రైవర్ సాబ్!” అంది మా ఆవిడ.

ఇన్నేళ్ల కాపురంలో ఆమె నన్ను అంత మాట ఎన్నడూ అనలేదు.